నీళ్ళు గీసిన దారి: గోల్కొండ నుంచి బందరు దాకా
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

దారిలోకి వెళ్ళేముందు ఒక మాట దగ్గర ఆగుదాం. మనం రోజూ వాడే 'రహదారి' పారసీ నుంచి వచ్చిన మాట. రాహ్ అంటే దారి. రాహ్‌దారీ అంటే దారి కాపలా, ఆ కాపలా పేరున వసూలు చేసే సుంకం, సుంకం కట్టినవాడికి ఇచ్చే చీటీ. మన పాత నిఘంటువుల్లో కూడా రహదారికి ఈ 'దారిచీటీ' అర్థం ఉంది. రానురాను చీటీ పేరే దారికి పేరైపోయింది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంటే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ ఫాస్టాగ్ లేకుండా సజావుగా దాటలేం. ఆ పంతంగి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఈ రోజు చెప్పుకోబోయేది మొన్నటిదాకా 9వ నంబరు జాతీయ రహదారి అని పిలిచిన దారి గురించి. 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు అది 65 అయింది. పుణె నుంచి షోలాపూరు, హైదరాబాదు, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా 841 కిలోమీటర్లు. అందులో హైదరాబాదు నుంచి బందరు దాకా ఉన్న సుమారు 340 కిలోమీటర్ల ముక్కే మన విషయం. ఎల్బీనగర్, హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడ, అక్కడ పాలేరు దాటితే జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, విజయవాడ, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు, బందరు. ఈ పేర్లు మీకు కంఠతా వచ్చినవే. ఈ వరుస ఇలాగే ఎందుకుంది, దారి ఎక్కడెక్కడ తెగుతుంది, అక్కడే ఎందుకు తెగుతుంది అన్నది చూద్దాం.

పటం మీద రూళ్ళకర్ర పెట్టి ఎవరూ ఈ దారి గీయలేదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విజయవాడ పాతిక మీటర్ల ఎత్తుకు అటూ ఇటూ. అంటే 270 కిలోమీటర్లలో దారి అంత కిందికి దిగుతుంది. దిగే ప్రతి చోటా దాంతోపాటు నీళ్ళూ దిగుతాయి. మూసీ, పాలేరు, మున్నేరు, మున్నేటిలో కలిసే వైరా, కట్టలేరు అన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి కృష్ణలోకి పారతాయి. దారేమో పడమటి నుంచి తూర్పుకి వెళ్ళాలి. కాబట్టి ప్రతి ఏరునూ అడ్డంగా దాటక తప్పదు. ఈ దారి కథంతా ఆ అడ్డంలోనే ఉంది.

అసలు గోల్కొండవాళ్ళు బందరుకే ఎందుకు పోయారు? కాకతీయుల కాలంలో పెద్ద రేవు బందరు కాదు, మోటుపల్లి. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం మనకుంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు, మేం అలా చెయ్యం, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటాం అని అందులో మాటిచ్చాడు. బందరు పేరు అంతకన్నా చాలా పాతది. పాత గ్రీకు భూగోళకర్త టాలమీ రాసిన మైసోలియా ఈ తీరమే, మైసోలోస్ మన కృష్ణ. కుతుబ్‌షాహీలు గోల్కొండలో కుదురుకున్నాక రేవుల్లో బందరుదే పైచేయి అయింది. 1605–06 ప్రాంతంలో డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, తర్వాత ఫ్రెంచివాళ్ళు.

రేవుగా చూస్తే బందరు గొప్పదేమీ కాదు. డెల్టా ఒండ్రు పేరుకుపోయిన లోతులేని తీరం. పెద్ద ఓడ ఒడ్డుకు మైళ్ళ దూరాన లంగరు వేసుకుని నిలబడితే, సరుకంతా చిన్న పడవల్లో అటూ ఇటూ మోయాలి. అయినా ఓడలు ఇక్కడికే వచ్చాయంటే కారణం ఒడ్డు మీద ఉంది. కృష్ణా గోదావరుల మధ్య నేతపల్లెలు, అద్దకం పనివాళ్ళు, వెనక నీలిమందు, ఉక్కు, ఇంకా వెనక్కి పోతే వజ్రాల గనులు, వాటన్నిటి వెనక డబ్బున్న రాజధాని. అటు బర్మా వైపు పెగూ, తెనాసరిం, ఇంకా సుమత్రా, ఇటు పారసీక తీరం, మక్కా వైపు రేవులు. అన్నిటికీ ఇక్కణ్ణుంచి ఓడలుండేవి. రేవు బలం ఎప్పుడూ దాని వెనక ఉన్న దారిలోనే ఉంటుంది. ఆ దారి తెగిన రోజు ఎంత లోతైన రేవైనా ఎండిపోవాల్సిందే.

ఇప్పుడు ఆ దారి మీద నడిచినవాళ్ళు రాసిపెట్టినది చూద్దాం. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1640ల నుంచి 1660ల దాకా గోల్కొండకు పలుమార్లు వచ్చాడు. అతని యాత్రా గ్రంథం 1676లో అచ్చయింది. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి నేరుదారిలో 100 కోసులు, వజ్రాల గని మీదుగా అయితే 112 కోసులు అంటాడు. కోసు అంటే క్రోసు, ఆనాటి దూరపు కొలత. తాను ఎక్కువగా వెళ్ళింది ఆ రెండో దారినే. మజిలీల పేర్లు అతని చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. అందుకే వాటిని పైకి చదవాలి, అప్పుడే తెలుస్తాయి. 'జాతెనగర్' అన్నది హయత్‌నగర్. 'పతెంగి' అన్నది మన పంతంగి. మూడున్నర వందల ఏళ్ళ కిందట మజిలీ చేసిన ఊళ్ళోనే ఇవాళ బండి ఆపి టోలు కడుతున్నాం! 'పెంగెల్' నల్లగొండ పక్కనున్న పానగల్లు. 'లకబరోన్' హుజూర్‌నగర్ వైపున్న లక్కవరం అనుకోవాలి. 'కూలూర్' కొల్లూరు, కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న వజ్రాల గని. 'బెజువార్' బెజవాడ. 'వూషిర్' ఉయ్యూరు, 'నిలిమోర్' నిడుమోలు. బెజవాడ దాటాక అతని మజిలీలు దాదాపుగా నేటి బస్సు స్టేజీలే.

ఈ పేర్ల వరుసలో ఒక సంగతి దాగి ఉంది. పానగల్లు దాకా వచ్చిన దారి అక్కణ్ణుంచి సూర్యాపేట, కోదాడ వైపు పోకుండా దక్షిణంగా కృష్ణ మీదికి దిగి, కొల్లూరు దగ్గర నది దాటి, దక్షిణపు ఒడ్డునే నడిచి, బెజవాడ దగ్గర మళ్ళీ ఉత్తరపు ఒడ్డుకు వస్తుంది. కృష్ణను రెండుసార్లు దాటడం, పైగా 12 కోసుల చుట్టు. తావెర్నియే వెళ్ళింది వజ్రాల కోసమే, అందులో సందేహం లేదు. కానీ ఆ చుట్టుదారిలో ఒక లాభం కూడా ఉందని నా అభిప్రాయం. పాలేరు, మున్నేరు రెండూ కొల్లూరుకు దిగువన, ఉత్తరం వైపు నుంచి వచ్చి కృష్ణలో కలుస్తాయి. దక్షిణపు ఒడ్డున నడిచేవాడికి ఆ రెండూ తగలవు. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, 2023 దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది. ఆ కొల్లూరు ఇప్పుడు చూద్దామన్నా కనిపించదు, పులిచింతల జలాశయం కింద మునిగిపోయింది. ఒకప్పుడు ఆ గనిలో 60 వేల మంది దాకా పనిచేసేవారని తావెర్నియే రాశాడు.

ఇక బండ్ల సంగతి. గోల్కొండ నుంచి మచిలీపట్నం మధ్య చక్రాల బండి నడవదని అతను ఖండితంగా చెబుతాడు. కొండలు, చెరువులు, నదులు, ఇరుకు సందులు అడ్డం. తన చిన్న బండిని గని దాకా తీసుకెళ్ళడానికి చెడ్డ చోటు వచ్చినప్పుడల్లా దాన్ని ముక్కలుగా విప్పి మోయించాల్సి వచ్చిందట.

కొండలు, నదులు సరే, చెరువు దారికి ఎలా అడ్డమవుతుంది? ఇది కాస్త దగ్గరగా చూడాలి. తెలంగాణ పల్లపు భూముల్లో వాగు కనిపించిన చోటల్లా కట్ట వేసి చెరువు చేశారు. వానాకాలంలో చుట్టూ బురదే కాబట్టి గట్టిగా, పొడిగా ఉండేది చెరువుకట్ట ఒక్కటే. అందుకని దారి సహజంగానే కట్ట ఎక్కుతుంది. కట్ట పైన వెడల్పు ఒక్క ఎద్దు నడవడానికి సరిపోతుంది, రెండు చక్రాలకు చాలదు. కట్ట చివరికి వస్తే అలుగు. చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే రాతిచప్టా అది, పాచిపట్టి నున్నగా ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళలో ఎద్దు కాలు నిలదొక్కుకుని దాటగలదు. బండి చక్రం మాత్రం జారుతుంది, అంచు దాటిందంటే కింద గుంటలోకే. పైగా ఒక చెరువు అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది, అక్కణ్ణుంచి దాని కిందిదానికి. గొలుసులో పై చెరువుకు గండి పడితే కింద ఉన్న దారులన్నీ ఒక్క రాత్రిలో తెగిపోతాయి. పానగల్లు పక్కనే ఉదయసముద్రం అనే పెద్ద చెరువు ఉంది. అంత నీటిని పక్కన పెట్టుకుని నడిచిన దారి ఇది.

అందుకే సరుకంతా ఎద్దుల వీపు మీదే నడిచింది. ఎద్దుకు అటూ ఇటూ వేలాడే జంటసంచిని పెరిక అంటారు, అది మోసే ఎద్దు పెరికెద్దు. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి. ఒక వైపు కొంచెం ఎక్కువైనా మధ్యాహ్నానికల్లా వీపు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. పుండు పడ్డ ఎద్దు ఇక ఆ ప్రయాణానికి పనికిరాదు. ఒక్కోదాని మీద 100 నుంచి 150 కిలోల బరువు. మేపుకుంటూ నడిపించే పెద్ద బిడారు రోజుకు పది, పన్నెండు కిలోమీటర్లకు మించి సాగదు. ఆ లెక్కన సముద్రం నుంచి గోల్కొండకు దాదాపు నెల. లంబాడీలు, పెరికవాళ్ళు ఇలా వందల ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు ఎక్కించుకుని పైకి వెళ్ళేవారు, పై నుంచి ధాన్యం, పత్తి వేసుకుని కిందికి దిగేవారు. నడక మేత మీద ఆధారపడింది కాబట్టి దారి కూడా మేత, నీళ్ళు ఉన్న చోటికే వంగింది. పాత దారి ఎందుకు వంకరగా పోయిందో అర్థం కాకపోతే, ముందు ఆ వంకలో చెరువుందేమో వెతకండి.

నది దాటడానికి పుట్టి. వెదురుతో అల్లిన గుండ్రటి బుట్టకు బయట ఎద్దుతోలు కప్పుతారు. సరుకు తడవకుండా అడుగున కట్టెపుల్లలు పరిచి, వాటిమీద మూటలు పెడతారు. పుట్టికి ముందూ వెనకా ఉండవు, ప్రవాహంలో గిర్రున తిరుగుతుంది. అందుకని ఎదురుగా కనిపిస్తున్న రేవుకు సూటిగా బయల్దేరకూడదు. ఒడ్డు వెంబడి ఎగువకు చాలా దూరం లాక్కెళ్ళి అక్కడ నీళ్ళలోకి వదిలితే, తిరుగుతూ దిగుతూ అవతలి రేవుకు సరిగ్గా చేరుతుంది. గుర్రాలను ఈదించేవారు. బందరు చేరేలోపు ఒక ఏరును దుంగల తెప్ప మీద దాటాలని, అక్కడ మరో రకం పడవే లేదని తావెర్నియే రాశాడు.

హయత్‌నగర్‌లో ఆనాటి మజిలీ ఇప్పటికీ కళ్ళారా చూడొచ్చు. కుతుబ్‌షాహీ రాకుమారి హయత్‌బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. పెద్ద మసీదు, చుట్టూ నాలుగు వైపులా వరుసగా సరాయి గదులు, దగ్గరలో ఏనుగుబావి. మధ్యలో విశాలమైన ఖాళీ స్థలం వదిలింది అలంకారానికి కాదు. బిడారు దిగితే మూటలు దించడానికి, ఎద్దులను కట్టడానికి అంత జాగా కావాలి. బావి అంత పెద్దది కావడానికీ అదే కారణం. ఇన్ని పశువులు ఒకేసారి నీళ్ళు తాగాలంటే చేద సరిపోదు, మోట కట్టాలి.

1687లో గోల్కొండ పడిపోయింది. ఆ తర్వాతి కథలో దారికి పెద్ద దెబ్బ 1766లో తగిలింది. నిజాం తీరం వెంబడి ఉన్న ఉత్తర సర్కారులను ఇంగ్లీషు ఈస్టిండియా కుంపిణీకి వదులుకున్నాడు. ఒకప్పుడు ఒకే రాజ్యంలో రాజధానికీ రేవుకూ మధ్య ఉన్న దారికి నడుమ సరిహద్దు మొలిచింది. 1788లో గుంటూరు సర్కారు కూడా పోయాక హైదరాబాదు రాజ్యానికి సముద్రమే లేకుండా పోయింది, ఉప్పు గింజ కావాలన్నా పరాయి నేల దాటి రావాలి. 1802 వర్తక ఒప్పందంలో నిజాం వర్తకులకు మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు, 5 శాతం సుంకం రాసుకున్నది ఇందుకే.

ఆ సరిహద్దు కూడా ఒకే గీత కాదండీ. చుట్టూ నిజాం నేల ఉండగా మధ్యలో మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉండేది. హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే మనిషి సూర్యాపేట దాటాక నిజాం రాజ్యం వదిలి మునగాలలో బ్రిటిషు ఇండియాలో అడుగుపెట్టేవాడు, కోదాడ దగ్గర మళ్ళీ నిజాం నేల మీదికి వచ్చేవాడు, పాలేరు దాటి జగ్గయ్యపేటలో మళ్ళీ బ్రిటిషు ఇండియాలోకి. యాభై కిలోమీటర్లు తిరక్కుండా మూడు ఎల్లలు. ఆ పాలేరు ఎల్ల 1956లో చెరిగిపోయింది, 2014 జూన్ 2న రాష్ట్రాల మధ్య ఎల్లగా మళ్ళీ వచ్చింది. జగ్గయ్యపేట ఎదగడానికి కూడా ఎల్ల పక్కన ఉండటం కలిసొచ్చింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున కట్టించిన ఊరది. ఎల్ల దగ్గర ఎప్పుడూ సరుకు ఆగుతుంది, ఆగిన చోట సంత పుడుతుంది.

బెజవాడ దగ్గర 1852లో మొదలుపెట్టి 1855లో కృష్ణకు ఆనకట్ట కట్టారు. దాంతో బందరు కాలువలోకి నీళ్ళొచ్చాయి, పడవలూ వచ్చాయి. డెల్టా సరుకు ఎడ్లబండి దిగి పడవ ఎక్కింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది, దాదాపు 30 వేల మంది పోయారు. ఆ పట్నం ఆ తర్వాత మునుపటి స్థితికి రాలేదు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. ఆ రైలు మన దారి వెంట రాలేదు, కాజీపేట, డోర్నకల్, ఖమ్మం మీదుగా తిరిగి వచ్చింది. సింగరేణి బొగ్గు అటువైపే ఉంది మరి. సూర్యాపేట, కోదాడ, నందిగామ రైలుకు దూరంగా ఉండిపోయాయి. ఇవాళ కూడా హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద బస్సులు, లారీలు ఇంత కిక్కిరిసి ఉండటానికి మూలం ఆ 1889 నిర్ణయంలోనే ఉంది. పక్కన పట్టాలు లేవు, భారమంతా తారు మీదే.

ఇప్పుడు నేల సంగతికి వద్దాం. హైదరాబాదు నుంచి సూర్యాపేట దాకా ఎక్కువగా ఎర్రచల్క, మొరం, కింద నల్లరాయి. రోడ్డుకు ఇంతకన్నా మంచి నేల దొరకదు. నీరు దిగిపోతుంది, అణిచితే గట్టిపడుతుంది. కోదాడ దాటాక రేగడి ఎక్కువవుతుంది, బెజవాడ కింద డెల్టా అంతా నల్లమట్టే. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎంత ఉబ్బుతుందో కొలవడం చాలా సులువు. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండుమట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలగాజుల్లో పోస్తారు. ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో కిరసనాయిలు, రెండూ 100 మిల్లీలీటర్ల గీత దాకా. గాలిబుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేస్తారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. ఆ తేడాను కిరసనాయిలు కొలతతో భాగిస్తే ఉబ్బు శాతం వస్తుంది. 50 శాతం దాటితే ఆ మట్టిని జాతీయ రహదారి కట్టకు వాడకూడదని నిబంధన. రేగడి నేల మీద ఆ మట్టి కాళ్ళ కిందే ఉంటుంది, మొరం దూరం నుంచి తోలాలి. అక్కడే పని దారి తప్పుతుంది. పైన అర మీటరు మందాన మంచి మొరం వేసి, కింద కట్టను మాత్రం పక్క పొలం మట్టితో నింపేస్తే, రెండేళ్ళలో రోడ్డే చెప్పేస్తుంది.

ఎలా చెబుతుందంటే, పగులు రోడ్డుకు అడ్డంగా కాకుండా పొడుగునా, అంచుకు అడుగు, రెండడుగుల లోపల పడుతుంది. తారు కింద మధ్యలో ఉన్న మట్టి వేసవిలో కూడా చెమ్మ కోల్పోదు. అంచున ఉన్న మట్టి ఎండి ముడుచుకుంటుంది. మధ్య భాగం నిలిచి, అంచు కిందికి జారి, రెండింటి నడుమ తారు చీలుతుంది. తొలకరి నీళ్ళు ఆ చీలికలోంచి లోపలికి పోతాయి, లారీ చక్రం పడ్డప్పుడల్లా బురద పైకి చిమ్ముతుంది, నెలలోపు గుంత. ఆ గుంతలో తారు, కంకర పోసి పూడ్చడం కంటితుడుపే. అంచున బెర్మును, అంటే తారు పక్కనున్న మట్టి భుజాన్ని, సరైన మట్టితో గట్టిచేసి, దాని వాలు రోడ్డు వాలు కన్నా ఎక్కువ ఉంచి, పక్కకాలువ పారేలా చూస్తేనే పగులు ఆగుతుంది. తారురోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి. పైపొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి బెర్ము పల్లంగా మిగిలిపోతుంది. తారు అంచు గట్టులా నిలబడుతుంది, మోటారుసైకిలు దిగి ఎక్కబోతే పడేస్తుంది.

మల్కాపురం నుంచి నందిగామ దాకా 181.5 కిలోమీటర్లు నాలుగు వరుసలుగా మారి 2012 చివర్లో వాడకంలోకి వచ్చింది. ప్రయాణం ఎంత తగ్గిందో అందరికీ తెలుసు. అయితే నీళ్ళతో లెక్క మాత్రం తేలలేదు. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి వచ్చింది, వాహనాలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్ళీ అక్కడే. అదే రోజుల్లో గరికపాడు దగ్గర పాలేటి వంతెనకు ఆనుకున్న రోడ్డు కోసుకుపోయింది.

రెండు చోట్లా దెబ్బ ఒక తీరుది కాదు. పాలేటి దగ్గర వంతెన నిలబడింది, దాని చేతులు పోయాయి. వంతెన కింద పట్టే నీటికన్నా ఎక్కువ వచ్చినప్పుడు వరద ఎగువన ఎత్తు పెరిగి, వంతెన పక్కనున్న మట్టికట్ట మీదుగా దారి వెతుక్కుంటుంది. కట్ట మీదుగా పొర్లిన నీరు దిగువ వాలును కింది నుంచి తవ్వుతుంది, తారుపలక కింద మట్టి పోయి పలక గాల్లో వేలాడుతుంది. పైనుంచి చూస్తే రోడ్డు బాగానే ఉన్నట్టుంటుంది. నీరు తగ్గగానే బండ్లు వదలకూడదనేది అందుకే. గడ్డపారతో అంచు తట్టి, దిగువ వాలు చూసుకున్న తర్వాతే వదలాలి.

మున్నేటిది వేరే రోగం. ఐతవరం నుంచి కీసర దాకా రోడ్డు మున్నేటి పల్లంలో నడుస్తుంది. అక్కణ్ణుంచి కొద్ది దూరంలోనే ఆ ఏరు కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా పారుతుంటే మున్నేటి నీళ్ళకు పోయే చోటు ఉండదు, ఎగదన్నుతాయి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి, అంతకుముందు 2009లో వచ్చిన వరదను మించి. అలాంటప్పుడు వరంగల్, ఖమ్మం వైపు వాన కూడా కలిస్తే వంతెన ఎంత పెద్దదైనా ఎగదన్ను ఆగదు. పారే నీటికి వంతెన పొడుగు పెంచాలి, ఎగదన్నే నీటికి రోడ్డు ఎత్తు పెంచాలి. అదీ మట్టికట్ట మీద కాదు, కింద ఖాళీలున్న స్తంభాల మీద. కట్ట ఎత్తితే రోడ్డు బతుకుతుంది, ఎగువనున్న ఊళ్ళు మునుగుతాయి. ఆరు వరుసల విస్తరణ గురించి మాట్లాడుతున్న ఈ సమయంలో, వరుసలు ఎన్ని అన్నదానికన్నా ఈ పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు ఎంత అన్నదే పెద్ద ప్రశ్న.

ఇందాక గుర్తుంచుకోమన్నానే, ఆ దక్షిణపు ఒడ్డు. ఐతవరం దగ్గర దారి మూసుకుపోయినప్పుడు హైదరాబాదు బండ్లను ఎటు మళ్ళించారు? నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటించి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, గుంటూరు, అక్కణ్ణుంచి మళ్ళీ కృష్ణ దాటి విజయవాడ. పానగల్లు మీదుగా దక్షిణానికి దిగి, రెండుసార్లు కృష్ణ దాటి, పాలేరు, మున్నేరులను తప్పించుకునే ఆ పాత 112 కోసుల దారి పోలికే ఇది. ఆ మళ్ళింపును ప్రతిసారీ వరద వచ్చాక వెతుక్కోకుండా, ఎప్పుడూ సిద్ధంగా ఉండే రెండో దారిగా చూసుకోవాలి. వాడపల్లి వంతెన, సత్తెనపల్లి రోడ్డు ఆ బరువుకు తగ్గట్టు ఉండాలి.

బెజవాడలో ఇంకో ఇరుకు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలోంచి కృష్ణ. నది ఇక్కడ సన్నబడింది కాబట్టే ఆనకట్ట కట్టారు, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. కొండకూ నీటికీ మధ్య మిగిలిన ఆ సన్నటి అంచు మీదే దుర్గగుడి దగ్గర రోడ్డు నడవాలి. దసరా వచ్చిందంటే అక్కడ అడుగు కదిలేది కాదు. 2020 అక్టోబరులో కనకదుర్గ వంతెన తెరుచుకున్నాక దారి బండ్లు పైనుంచి, గుడికొచ్చేవాళ్ళు కిందనుంచి. నేల మీద చోటు లేనప్పుడు గాలిలో వెతుక్కోవడం తప్ప మార్గం లేదు, పని బాగా చేశారు.

బెజవాడ నుంచి బందరు దాకా చెప్పడానికి పెద్దగా లేదు, నేల బల్లపరుపు. దారి చాలా దూరం కాలువ గట్ల పొరుగునే నడుస్తుంది. కాలువ నీళ్ళు వదిలినప్పుడు గట్టు నానుతుంది, కట్టేసినప్పుడు ఎండుతుంది. నీళ్ళు ఒక్కసారిగా తగ్గిస్తే నానిన గట్టు లోపలి నీరు బయటికి తన్ని, మట్టి కాలువలోకి జారుతుంది. రోడ్డు కాలువ వైపే కుంగడం మీరు చూసే ఉంటారు. బందరు దగ్గర కొత్త ఓడరేవుకు 2023 మేలో పనులు మొదలయ్యాయి. కంటైనరు లారీలు దిగితే ఈ చివరి 65 కిలోమీటర్ల మీద పడే బరువు ఇప్పటి లెక్కకు అందదు.

(సభలోంచి: పాత దారి ఆనవాళ్ళు వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?)

మంచి ప్రశ్న. హైవే మీద వెతక్కండి, ఊళ్ళలోకి దిగండి. బైపాసులు వచ్చాక పాత దారి ఊరి నడిబొడ్డునే మిగిలిపోయింది. బజారు వీధి ఏ ఊరి వైపు తిరిగి ఉందో చూడండి, పాత దారి చాలాసార్లు అటే పోతుంది. తర్వాత ఊరి పెద్ద చెరువుకట్ట ఎక్కండి, కట్టకింద అలుగు దాటే చోట రాతిచప్టా ఉందేమో చూడండి. పాత సత్రం, మెట్లబావి, ఊరికి మించిన పెద్ద బావి, వీటిలో ఏ రెండు పక్కపక్కన కనిపించినా పటం మీద చుక్క పెట్టుకోండి. తర్వాత చుక్కకు చుక్కకు మధ్య దూరం కొలవండి. ఎద్దు ఒక పూటలో నడిచే దూరానికి దగ్గరగా వస్తుంటే మీరు దారి మీదే ఉన్నట్టు. వానాకాలం అయ్యాక కార్తికంలో వెళ్ళండి. నీళ్ళు ఏ మట్టం దాకా వచ్చాయో గోడల మీద, చెట్లకు పట్టిన చెత్త మీద గుర్తులు అప్పటికి ఇంకా ఉంటాయి. పాత దారి చాలా చోట్ల ఆ గుర్తుకు కాస్త పైనే నడుస్తుంది. మొదటి చుక్క మాత్రం హయత్‌నగర్ సరాయి దగ్గర పెట్టండి, ఆ ఏనుగుబావి దగ్గర.